సార్ట్ చేసిన అర్రేలో డూప్లికేట్లను దాటుకుంటూ వెళ్లే ఇటరేటర్‌ను సొంతంగా రాయడం ఎలా?

సార్ట్ చేసిన అర్రే చేతిలో ఉంది. అందులో ఒకే విలువ పక్కపక్కనే రెండు మూడు సార్లు వస్తోంది. ప్రతి విలువనూ ఒక్కసారి మాత్రమే అందించే ఇటరేటర్ (అడిగినప్పుడల్లా తరువాతి విలువను ఒక్కొక్కటిగా ఇచ్చే వస్తువు) కావాలి. ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న విద్యార్థులూ, కొత్తగా ఉద్యోగంలో చేరినవారూ నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. వారు చూపించే కోడ్‌లో ఆలోచన దాదాపు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. తప్పు మాత్రం మొదటి మూలకం దగ్గరో, చివరి మూలకం దగ్గరో, లేదా "ఇంకా ఉందా" అని రెండుసార్లు అడిగినప్పుడో బయటపడుతుంది. అందువల్ల ఆ తప్పులకే ఎక్కువ చోటిచ్చి, మొత్తం పద్ధతిని ఒకేచోట రాస్తున్నాను.

కోడ్‌ను ఒక భాషకే కట్టేయకుండా తెలుగు మాటల్లోనే రాశాను. దానిని జావాలోకైనా, పైథాన్‌లోకైనా, సీ++ లోకైనా మార్చుకోవడం కష్టం కాదు; ఏ భాషలో ఏమి మారుతుందో తరువాత విడిగా చెప్పాను. (పైథాన్ 3లో స్థానం, విలువ, పొడవు వంటి తెలుగు మాటలను వేరియబుల్ పేర్లుగా నిజంగానే వాడుకోవచ్చు. కీవర్డ్‌లను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచక తప్పదు.)

కావలసినవి

మీకు వచ్చిన ఏదో ఒక భాష, అందులో క్లాస్ రాయడం, లూప్ రాయడం తెలిసి ఉంటే చాలు. కాగితం, పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి, ఆరో అడుగులో వాటితో పని ఉంది. ఉదాహరణకు ఈ అర్రేను తీసుకుందాం. ఇవి కొన్ని ఆర్డర్ల తాలూకు పిన్‌కోడ్లు, చిన్నదాని నుంచి పెద్దదానికి సార్ట్ చేసి ఉన్నాయి:

500001, 500001, 506002, 517501, 517501, 517501, 530001

హైదరాబాద్ రెండుసార్లు, వరంగల్ ఒకసారి, తిరుపతి మూడుసార్లు, విశాఖపట్నం ఒకసారి వచ్చాయి. మూలకాలు 7, స్థానాలు 0 నుంచి 6 వరకు. మన ఇటరేటర్ 4 విలువలు ఇచ్చి ఆగాలి. చిన్న చిన్న అంకెలకు బదులు ఆరంకెల సంఖ్యలను కావాలనే ఎంచుకున్నాను, కారణం తప్పుల దగ్గర తెలుస్తుంది.

"ఇవన్నీ ఒక సెట్‌లో వేస్తే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. చిన్న అర్రే అయితే సరిపోతుంది. అయితే సెట్‌కు అదనపు మెమరీ కావాలి, చాలా భాషల్లో మామూలు సెట్ క్రమాన్ని కాపాడదు, పైగా మొదటి పది విలువలే కావలసినప్పుడు కూడా అర్రే మొత్తాన్ని చదివిగానీ ఊరుకోదు. సార్ట్ చేసిన అర్రేలో సమానమైనవన్నీ పక్కపక్కనే ఉంటాయి గనుక, ఒక్క స్థానాన్ని గుర్తుపెట్టుకుంటే పని జరిగిపోతుంది.

అడుగు 1: కోడ్ కంటే ముందు ఒక నియమాన్ని రాసుకోండి

కాగితం మీద ఈ ఒక్క వాక్యం రాయండి: "స్థానం ఎప్పుడూ, ఇంకా ఇవ్వని తరువాతి విలువ యొక్క మొదటి కాపీ మీద నిలబడి ఉంటుంది, అలాంటి విలువ లేకపోతే పొడవుకు సమానంగా ఉంటుంది."

ఇకపై రాసే ప్రతి లైనూ ఈ వాక్యాన్ని నిలబెట్టాలి. ఇటరేటర్ పుట్టినప్పుడు స్థానం 0. అక్కడ ఉన్నది మొదటి విలువ యొక్క మొదటి కాపీ కాబట్టి నియమం దానంతటదే నిజమవుతుంది. అర్రే ఖాళీగా ఉంటే 0 అంటే పొడవే, అప్పుడూ నిజమే. దీనివల్ల ప్రారంభంలో ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ ఉండదు. నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా, దాటవేసే పనిని విలువ ఇచ్చే ముందు చేయాలా, ఇచ్చే సమయంలోనే ముగించాలా అన్నది తేల్చుకోకుండా రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే. మన నియమం ప్రకారం విలువను చేతిలోకి తీసుకున్న వెంటనే దాని మిగతా కాపీలను దాటేయాలి.

అడుగు 2: ఇటరేటర్‌కు రెండు ఫీల్డ్‌లు మాత్రమే ఇవ్వండి

అర్రేకు ఒక రిఫరెన్స్, స్థానం అనే ఒక పూర్ణసంఖ్య ఉంటే చాలు. "మునుపటి విలువ", "మొదటిసారా" అనే ఫీల్డ్‌లు పెట్టాలని చేయి లాగుతుంది, పెట్టకండి. ఫీల్డ్ పెరిగిన కొద్దీ వాటి మధ్య పొత్తు కుదర్చడం మీ మీదే పడుతుంది.

అర్రేను కాపీ చేయవలసిన అవసరం లేదు. ఇటరేటర్ నడుస్తుండగా వేరెవరైనా ఆ అర్రేను మార్చే వీలుంటే మాత్రం కాపీ చేసుకోండి. జావాలోని అర్రేలిస్ట్ వంటివి మధ్యలో మార్పు జరిగితే పట్టుకుని ఎక్సెప్షన్ ఇవ్వడానికి ప్రయత్నిస్తాయి గాని, మనం రాస్తున్నది అలా పట్టుకోదు.

అడుగు 3: "ఉందా" అనే ఫంక్షన్ రాయండి

ఉందా():
    స్థానం < పొడవు అన్న ఫలితాన్ని ఇవ్వు

ఇంతే. ఇందులో లూప్ లేదు, స్థానాన్ని కదిపే లైను లేదు. ఈ ఫంక్షన్‌ను ఒకసారి పిలిచినా వందసార్లు పిలిచినా ఇటరేటర్ స్థితి మారకూడదు. మొదటి అడుగులోని నియమాన్ని పాటిస్తే ఇది ఒక్క లైనులో తేలిపోతుంది.

అడుగు 4: "తీసుకో" అనే ఫంక్షన్ రాయండి

తీసుకో():
    స్థానం >= పొడవు అయితే:
        "ఇక విలువలు లేవు" అనే ఎక్సెప్షన్ విసురు
    విలువ = అర్రే[స్థానం]
    స్థానం = స్థానం + 1
    స్థానం < పొడవు, మరియు అర్రే[స్థానం] == విలువ అయినంతసేపు:
        స్థానం = స్థానం + 1
    విలువను ఇవ్వు

లూప్ షరతులోని రెండు భాగాల వరుసను గమనించండి. హద్దు లోపల ఉన్నామా అన్న పరీక్ష ముందు, పోలిక తరువాత. ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో కింద చెప్పాను.

లూప్ లోపల లూప్ ఉన్నట్టే కదా, ఇది చాలా నెమ్మదిగా నడుస్తుందేమో అని కొందరు జంకుతారు. అలా జరగదు, ఎందుకంటే స్థానం ఎప్పుడూ వెనక్కి రాదు. 1వ స్థానం నుంచి చివరి స్థానం వరకు ప్రతి మూలకమూ సరిగ్గా ఒక్కసారే పోలికకు వస్తుంది. అంటే మూలకాలు 7 అయితే, అన్ని విలువలూ తీసుకునేసరికి మొత్తం పోలికలు 6. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్క.

అడుగు 5: మీ భాష అడిగే తొడుగును తొడగండి

జావాలో పై రెండు ఫంక్షన్లకు హ్యాజ్‌నెక్స్ట్, నెక్స్ట్ అనే పేర్లు పెట్టి, ఇటరేటర్ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేయండి. విలువలు అయిపోయాక నోసచ్‌ఎలిమెంట్‌ఎక్సెప్షన్ విసరాలి; నల్ ఇవ్వకండి, అలా ఇస్తే పిలిచినవారు దానిని నిజమైన విలువగా పొరబడతారు. రిమూవ్ అనే మూడో మెథడ్‌ను జావా 8 నుంచి రాయకపోయినా పరవాలేదు, ఇంటర్‌ఫేస్‌లోనే "ఈ పని చేయను" అని చెప్పే డిఫాల్ట్ ఉంది. దానిని అలాగే వదిలేయమనే నా సలహా. తిరుపతి పిన్‌కోడ్‌ను తీసేయమంటే ఒక కాపీని తీసేయాలా, మూడింటినీ తీసేయాలా? ఎవరూ తేల్చి చెప్పలేని పనిని చేయకపోవడమే మేలు.

పైథాన్‌లో రెండేసి అండర్‌స్కోర్ల మధ్య ఇటర్, నెక్స్ట్ అనే పేర్లతో రెండు మెథడ్‌లు రాయాలి. ఇటర్ తననే తాను ఇస్తుంది. "ఉందా" అనేదే అక్కడ ఉండదు. విలువలు అయిపోతే స్టాప్‌ఇటరేషన్ విసరాలి, ఒకసారి విసిరాక ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినా విసురుతూనే ఉండాలి. మన స్థానం పొడవు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఈ షరతు తనంతట తానే నెరవేరుతుంది. క్లాస్ ఎందుకనుకుంటే యీల్డ్‌తో నాలుగైదు లైన్ల జనరేటర్ (విలువలను ఒక్కొక్కటిగా ఇస్తూ మధ్యమధ్య ఆగే ఫంక్షన్) రాసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: జనరేటర్ లోపల మీరే స్టాప్‌ఇటరేషన్ విసిరితే పైథాన్ 3.7 నుంచి అది రన్‌టైమ్‌ఎర్రర్‌గా మారుతుంది, కనుక అక్కడ మామూలు రిటర్న్‌తో ముగించండి. ఇక పని జరిగితే చాలు, రాయడం నేర్చుకోనక్కర్లేదు అనుకునేవారు ఇటర్‌టూల్స్‌లోని గ్రూప్‌బైని పిలిచి, ప్రతి గుంపు నుంచి కీని మాత్రం తీసుకుంటే సరిపోతుంది.

జావాస్క్రిప్ట్‌లో నెక్స్ట్ అనేది వాల్యూ, డన్ అనే రెండు భాగాలున్న ఆబ్జెక్ట్‌ను ఇవ్వాలి. ఎక్సెప్షన్ అవసరం లేదు.

సీ++ లో ఆకారం వేరు. అక్కడ "విలువ చదవడం" నక్షత్రం గుర్తు చేసే పని, "ముందుకు జరగడం" ++ చేసే పని. దాటవేసే లూప్‌ను ++ లో పెట్టండి. కొత్తవారు మరచిపోయేది ఏమిటంటే, లూప్‌కు హద్దు తెలియాలి కాబట్టి ప్రస్తుత స్థానంతోపాటు ముగింపు స్థానాన్ని కూడా ఇటరేటర్ లోపలే దాచుకోవాలి. లైబ్రరీలో యూనిక్ అనే ఫంక్షన్ ఇప్పటికే ఉంది, కానీ అది ఉన్న అర్రేలోనే విలువలను ముందుకు జరిపి కొత్త ముగింపును చూపిస్తుంది తప్ప కంటైనర్ పొడవును తగ్గించదు. అసలు అర్రే చెక్కుచెదరకూడదంటే యూనిక్‌కాపీ వాడండి, లేదా మన ఇటరేటర్‌నే వాడండి.

ఏ భాషలోనైనా, ఇటరేటర్‌నూ, దానిని పుట్టించే వస్తువునూ వేరు వేరుగా ఉంచండి. ఫర్ లూప్ మొదలైన ప్రతిసారీ స్థానం 0తో కొత్త ఇటరేటర్ పుట్టాలి. రెండింటినీ ఒకటే చేస్తే జరిగే వింత చూడండి: మన నాలుగు పిన్‌కోడ్ల మీద లూప్ లోపల లూప్ పెట్టి జతలు తీస్తే 16 జతలు రావాలి, కానీ వచ్చేవి 3. బయటి లూప్ ఒక విలువ తీసుకోగానే, లోపలి లూప్ అదే ఇటరేటర్ నుంచి మిగతా మూడింటినీ తీసేసుకుంటుంది. బయటి లూప్ తిరిగి వచ్చి చూసేసరికి విస్తరి ఖాళీ.

అడుగు 6: కంప్యూటర్‌కు ఇచ్చే ముందు చేత్తో నడిపి చూడండి

మన అర్రేతో కాగితం మీద ఇలా రాసుకోండి.

మొదటిసారి తీసుకో: స్థానం 0, విలువ 500001. స్థానం 1 అయింది, అక్కడా 500001 ఉంది, దాటాం. స్థానం 2 దగ్గర 506002 ఉంది, ఆగాం. పోలికలు 2.

రెండోసారి: విలువ 506002. స్థానం 3 దగ్గర 517501 ఉంది, వెంటనే ఆగాం. పోలికలు 1, మొత్తం 3.

మూడోసారి: విలువ 517501. స్థానం 4, 5 దాటి 6 దగ్గర 530001 చూసి ఆగాం. పోలికలు 3, మొత్తం 6.

నాలుగోసారి: విలువ 530001. స్థానం 7 అయింది, అది పొడవుకు సమానం కాబట్టి పోలిక లేకుండానే లూప్ ముగిసింది.

ఇప్పుడు "ఉందా" అంటే లేదనే వస్తుంది. మొత్తం పోలికలు ముందే చెప్పిన 6. మీ కాగితం మీద ఈ సంఖ్య 5 వచ్చినా 7 వచ్చినా కోడ్‌లో ఎక్కడో స్థానం ఒకటి అటూ ఇటూ అయిందని అర్థం.

తరచుగా జరిగే తప్పులు

హద్దు పరీక్షను వెనక పెట్టడం. పోలికను ముందు రాస్తే, చివరి విలువ దగ్గర అర్రే[7]ను చదవవలసి వస్తుంది. జావా, పైథాన్ వెంటనే ఎర్రర్ ఇస్తాయి, అది మన అదృష్టం. జావాస్క్రిప్ట్ అయితే అన్‌డిఫైన్డ్ ఇచ్చి ఊరుకుంటుంది, లూప్ కాకతాళీయంగా సరిగ్గానే ఆగుతుంది. సీ++ లో మాత్రం అర్రే అవతల మెమరీలో ఏముంటే అది చదువుతుంది. మీ మెషిన్‌లో ఏడాదిపాటు చక్కగా నడిచి, మరో చోట కూలిపోవచ్చు.

వెనకటి మూలకంతో పోల్చడం. అర్రే[స్థానం]ను అర్రే[స్థానం - 1]తో పోల్చి, సమానమైతే వదిలేయడం చాలామందికి అలవాటు. పైథాన్‌లో ఇది మెత్తగా దెబ్బ కొడుతుంది. స్థానం 0 అయినప్పుడు అర్రే[-1] అంటే ఎర్రర్ కాదు, చివరి మూలకం. సార్ట్ చేసిన అర్రేలో మొదటిదీ చివరిదీ సమానం కావాలంటే అన్నీ ఒకటే అయి ఉండాలి, లేదా అర్రేలో ఒకే మూలకం ఉండాలి. అంటే మామూలు పరీక్షలన్నీ పాసవుతాయి. 5, 5, 5 ఇచ్చినప్పుడూ, ఒక్క 5 ఇచ్చినప్పుడూ మాత్రం ఏమీ రాదు. ఇంత అరుదుగా బయటపడే తప్పును వెతకడం కంటే అసలు చేయకపోవడమే సులువు.

"మునుపటి విలువ"కు 0నో -1నో మొదలుపెట్టడం. అర్రేలో మొదటి విలువ నిజంగానే 0 అయిన రోజున అది డూప్లికేట్‌గా లెక్కపడి మాయమవుతుంది. డేటా ఫైలు నుంచో, నెట్‌వర్క్ నుంచో ఒక్కొక్కటిగా వస్తూ, ముందుకు తొంగిచూసే వీలు లేనప్పుడు మునుపటి విలువను దాచుకోక తప్పదు. అప్పుడు "ఇంతకు ముందు ఏమైనా ఇచ్చామా" అనే విడి బూలియన్ పెట్టుకోండి, విలువల్లోంచి ఒకదాన్ని గుర్తుగా వాడకండి.

దాటవేయడాన్ని "ఉందా"లో పెట్టడం. అలా పెడితే, "ఉందా" అని అడగకుండా నేరుగా "తీసుకో" అని రెండుసార్లు పిలిచినవారికి డూప్లికేట్లు అందుతాయి. ఫర్ లూప్ ఎప్పుడూ రెండింటినీ వరుసగా పిలుస్తుంది కాబట్టి ఈ తప్పు అందులో దాక్కుంటుంది.

సమానత్వానికి తప్పుడు గుర్తు వాడడం. దీనితో నేనే ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. జావాలో ఇంటిజర్ ఆబ్జెక్ట్‌ల అర్రే మీద ఇలాంటి ఇటరేటర్‌నే రాసి, 3, 3, 5, 8, 8 వంటి అంకెలతో పరీక్షించి, అన్నీ పాసయ్యాయని సంతోషించాను. అసలు పిన్‌కోడ్లు ఇవ్వగానే ఒక్క డూప్లికేట్ కూడా పోలేదు. లాజిక్‌ను పదిసార్లు చదివాను, అది సరిగ్గానే ఉంది. తప్పంతా రెండు సమాన గుర్తులది: ఆబ్జెక్ట్‌ల విషయంలో అది విలువలను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అన్నదాన్ని చూస్తుంది. -128 నుంచి 127 వరకు ఉన్న సంఖ్యలకు జావా ఒకే ఆబ్జెక్ట్‌ను తిరిగి వాడుతుంది కాబట్టి చిన్న అంకెలు సమానంగా కనిపించాయి. 500001కి ప్రతిసారీ వేరే ఆబ్జెక్ట్ పుట్టింది. ఈక్వల్స్ మెథడ్ వాడగానే 7 కాస్తా 4 అయింది. మామూలు ఇంట్ అర్రేకు ఈ బాధ లేదు. పైథాన్‌లో సమాన గుర్తుల బదులు ఈజ్ అని రాసేవారికీ ఇదే జరుగుతుంది. సీపైథాన్‌లో (అందరూ మామూలుగా వాడే పైథాన్ అదే) ఆ హద్దు -5 నుంచి 256 వరకు. పరీక్షకు పెద్ద సంఖ్యలను ఎందుకు ఎంచుకున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

తెలుగు మాటల అర్రే అయితే

స్ట్రింగ్‌ల విషయంలో కంటికి ఒకటిగా కనిపించేవి కంప్యూటర్‌కు రెండు కావచ్చు. పిన్‌కోడ్‌నే ఒకరు 500001 అని కలిపి, మరొకరు 500 001 అని విడదీసి రాస్తారు. తెలుగు మాటల్లో ఇది ఇంకా లోతుగా ఉంటుంది. ఐత్వానికి యూనికోడ్‌లో 3144 అనే సొంత సంఖ్య ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం 3142, దాని కింద వచ్చే గుర్తు 3158 అనే రెండు సంఖ్యలుగా కూడా రాయవచ్చు. తెర మీద "కైకలూరు" రెండు రకాలుగానూ ఒకేలా కనిపిస్తుంది, పోలికలో మాత్రం వేరు. అర్రేను సార్ట్ చేయడానికి ముందే అన్ని మాటలనూ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి మార్చుకుంటే ఈ తేడా పోతుంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు తరువాత వచ్చే, కంటికి కనిపించని విడదీత అక్షరాన్ని (సంఖ్య 8204) ఎన్‌ఎఫ్‌సీ తీసేయదు, దాన్ని ఉంచాలో తీసేయాలో మీరే నిర్ణయించుకోవాలి. ఈ శుద్ధి ఏదైనా సార్ట్ చేయడానికి ముందే జరగాలి. ఇటరేటర్ లోపల చేస్తే ఒకే మాట యొక్క రెండు రూపాలు పక్కపక్కన కాక దూరదూరంగా పడి, రెండూ బయటికి వస్తాయి.

దశాంశ సంఖ్యలైతే

0.1, 0.2 కూడితే 0.3కి సరిగ్గా సమానం కాదన్నది మీరు వినే ఉంటారు. కాబట్టి కొంత తేడాను అనుమతించి పోల్చవలసి వస్తుంది. అప్పుడు ప్రతి మూలకాన్నీ చేతిలో ఉన్న విలువతోనే పోల్చండి, పక్కనున్న మూలకంతో కాదు. 0.5 వరకు తేడాను సమానంగా భావిస్తే, 1.0, 1.4, 1.8, 2.2 అనే అర్రేలో పక్కవాటితో పోల్చుకుంటూ పోతే నాలుగూ కలిసిపోయి 1.0 ఒక్కటే మిగులుతుంది. మన కోడ్ రాసిన తీరులో 1.0, 1.8 వస్తాయి. "సంఖ్య కాదు" అని సూచించే నాన్ అనే విలువ తనకు తానే సమానం కాదు కనుక, అది ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లూ బయటికి వస్తుంది, ముందుగానే ఏరివేయండి.

సార్ట్ చేయని అర్రే వస్తే?

3, 5, 3 ఇస్తే మన ఇటరేటర్ కిక్కురుమనకుండా 3, 5, 3 ఇస్తుంది. నిజానికి దానికి కావలసింది క్రమం కూడా కాదు, సమానమైనవి పక్కపక్కన ఉండడమే. జావాస్క్రిప్ట్‌లో సార్ట్‌ను ఊరికే పిలిస్తే 1, 9, 10 అన్నవి 1, 10, 9గా వస్తాయి, ఎందుకంటే అది సంఖ్యలను మాటలుగా పోలుస్తుంది; అయినా డూప్లికేట్లు పక్కపక్కనే ఉంటాయి గనుక ఇటరేటర్ పని చెడదు. ఆరోహణ క్రమం తప్పనిసరి అయిన చోట, లూప్ ముగిశాక మరో పరీక్ష చేర్చండి: స్థానం ఇంకా హద్దు లోపలే ఉండి, అక్కడి మూలకం చేతిలోని విలువ కంటే చిన్నదైతే ఎక్సెప్షన్ విసరండి. అర్రేను ముందుగా ఒకసారి చదవకుండానే పని జరుగుతుంది.

ఫలితం సరైనదేనా అని చూసుకోవడం

ముందు చేత్తో రాయదగినవి: ఖాళీ అర్రే, ఒకే మూలకం, అన్నీ ఒకటే, అన్నీ వేరు, డూప్లికేట్లు మొదట్లో మాత్రమే, చివర్లో మాత్రమే. వీటితోపాటు పిలిచే తీరును కూడా పరీక్షించాలి: "ఉందా" అని ఐదుసార్లు వరుసగా అడిగి ఆ తరువాత తీసుకోండి, అసలు అడగకుండా తీసుకుంటూ పోండి, అయిపోయాక రెండుసార్లు తీసుకుని, రెండుసార్లూ ఎక్సెప్షన్ వస్తోందో లేదో చూడండి, ఒకే అర్రే మీద రెండు ఇటరేటర్లను మార్చి మార్చి నడపండి.

తరువాత యంత్రానికి అప్పగించండి. మూడే మూడు వేర్వేరు విలువలతో, 0 నుంచి 6 మూలకాల వరకు తయారుచేయగల సార్ట్ చేసిన అర్రేలు మొత్తం 84. అన్నింటినీ ఒక లూప్‌లో పుట్టించి, ప్రతిదానికీ ఇటరేటర్ ఇచ్చిన ఫలితాన్ని, సెట్‌లో వేసి మళ్లీ సార్ట్ చేసిన ఫలితంతో పోల్చండి. నా అనుభవంలో, పెద్ద పెద్ద ర్యాండమ్ అర్రేల కంటే ఈ 84 చిన్న అర్రేలే ఎక్కువ తప్పులను పడతాయి. ర్యాండమ్‌గా పరీక్షించాలనుకుంటే విలువల పరిధిని చిన్నదిగా ఉంచండి. 0 నుంచి పది లక్షల లోపు ఇరవై సంఖ్యలను ఎంచుకుంటే డూప్లికేట్ పడడమే అరుదు, అప్పుడు మీరు పరీక్షించేది దాటవేయడాన్ని కాదు. ఆ మూడు విలువల్లో 0 ఒకటి, 127 కంటే పెద్దది ఒకటి ఉండేలా చూసుకోండి.

డూప్లికేట్లు మరీ ఎక్కువైతే

పది లక్షల మూలకాల్లో పదే విలువలు, ఒక్కొక్కటి లక్షసార్లు ఉన్నాయనుకోండి. మన లూప్ 9,99,999 పోలికలు చేస్తుంది. తరువాతి విలువ ఎక్కడ మొదలవుతుందో బైనరీ సెర్చ్‌తో (వెతకవలసిన భాగాన్ని ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ) వెతకవచ్చు గాని, డూప్లికేట్లే లేని అర్రే వస్తే ప్రతి మూలకానికీ దాదాపు 20 పోలికలు పడి, మొత్తం 2 కోట్లకు చేరువవుతుంది. మధ్యేమార్గం గంతులు వేయడం: ఆ విలువ మొదటి కాపీ నుంచి 1, 2, 4, 8 స్థానాల దూరంలో పోల్చి చూస్తూ, సమానం కానిది తగలగానే (లేదా హద్దు దాటగానే) చివరి రెండు గంతుల మధ్య మాత్రం బైనరీ సెర్చ్ చేయాలి. లక్ష కాపీలకు 35 పోలికల లోపే తేలుతుంది, పది విలువలకూ కలిపి 350 లోపు. డూప్లికేట్లు లేకపోతే మొదటి గంతులోనే ఆగిపోతుంది కాబట్టి మామూలు లూప్ కంటే నష్టమేమీ లేదు. పైథాన్ లోపలి సార్ట్ అయిన టిమ్‌సార్ట్ కూడా రెండు వరుసలను కలిపేటప్పుడు ఇలాంటి గంతులనే వేస్తుంది.

గంతుల పద్ధతికి ఒక షరతు ఉంది. క్రమం తప్పిన అర్రేలో మామూలు లూప్ విలువలను రెండుసార్లు ఇస్తుందే తప్ప దేన్నీ పోగొట్టదు. గంతులు వేస్తే పోగొడుతుంది: 3, 3, 3, 5, 3 ఇస్తే 1, 2, 4 దూరాల్లో మూడు చోట్లా 3 కనిపించి, మధ్యలోని 5 జాడ లేకుండా పోతుంది. దాటేసిన మూలకాలను మనం చూడనే చూడలేదు కాబట్టి పైన చెప్పిన క్రమం పరీక్ష కూడా దీన్ని పట్టుకోలేదు. అర్రేను మీరే సార్ట్ చేసిన చోట మాత్రమే ఈ పద్ధతిని వాడండి. పరీక్షకు ఆ 84 అర్రేలతోపాటు, ఒకే విలువ 1 నుంచి 40 కాపీల వరకు ఉండి, దాని తరువాత మరో విలువ ఒక్కటి ఉన్న అర్రేలనూ, అలాంటి విలువ ఏదీ లేని అర్రేలనూ ఇచ్చి, మామూలు లూప్ ఫలితంతో సరిపోల్చండి. 2, 4, 8, 16, 32 కాపీల దగ్గరా, వాటికి ఒకటి అటూ ఇటూ ఉన్న చోట్లా తేడా వస్తే, బైనరీ సెర్చ్‌కు ఇచ్చిన రెండు హద్దుల్లో ఒకటి తప్పి ఉంటుంది.